బాబు లావు, పాప సన్నం.. ఇద్దరికీ వేర్వేరుగా వండాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు పదేళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. స్కూల్లో హెల్త్ చెకప్ చేసి, ఉండాల్సిన దానికంటే బరువున్నాడని రాసి పంపారు. పాపకు ఏడేళ్లు. 118 సెంటీమీటర్లు, 20 కిలోలు. తిండి దగ్గర రోజూ గొడవే. బాబు లంచ్ బాక్సులో కూర ముట్టుకోకుండా తెస్తాడు. ఇంట్లో అడుగు పెట్టగానే చిప్స్, బిస్కెట్లు, కూల్ డ్రింక్ అంటాడు. పాపకు ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు. బాబు ఆటలకు వెళ్లడు. ట్యూషన్ అయ్యాక టీవీ ముందు కూర్చుంటే లేవడు. బయటి తిళ్లన్నీ ఆపేసి, రాత్రి తిండి తగ్గించమని మావారు అంటున్నారు. 'ఎదిగే పిల్లాడు, పొడుగైతే వాడే సన్నబడతాడు' అని మా అత్తయ్య అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇద్దరికీ వేర్వేరుగా వండాలా?
– ఓ తల్లి

జవాబు: వేర్వేరుగా వండకండి. మీ ఇద్దరు పిల్లలకూ, మీకూ, మీవారికీ, అత్తయ్యగారికీ ఒకటే వంట చాలు. బాబు కోసం 'పథ్యం' అంటూ ఒక గిన్నె విడిగా పెట్టారా, వాడు మొదటి రోజు నుంచే ఆ గిన్నెను శత్రువులా చూస్తాడు. మార్చాల్సింది ఇంటి పద్ధతిని. అదేంటో చెప్పే ముందు అంకెలు చూద్దాం. మీరు ఎత్తు, బరువు రెండూ రాశారు కాబట్టి నా పని తేలికైంది.

బరువును (కిలోల్లో) ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. బాబుది దాదాపు 20. పెద్దవాళ్లకైతే ఇది చక్కటి అంకె. పిల్లలకు మాత్రం వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పదేళ్ల మగపిల్లాడికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. అంటే మీవాడు అధిక బరువు గీత దాటాడు, ఊబకాయం దాకా వెళ్లలేదు. పాపది 14కు కాస్త పైన. ఏడేళ్ల ఆడపిల్లల్లో 12.7 కంటే తగ్గితే సన్నం అంటాం. కాబట్టి పాప సన్నగా కనిపిస్తోందే తప్ప బరువు తక్కువ కాదు. అన్న పక్కన నిలబెట్టి చూస్తే ఎవరైనా సన్నగానే కనిపిస్తారు. ఆ పాప నోట్లో ముద్దలు కుక్కడం ఈ రోజు నుంచే మానేయండి.

ఇక అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. ఈ వయసులో పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. వచ్చే ఏడాదికి బాబు 144 సెంటీమీటర్లకు చేరి, బరువు 38, 39 కిలోల దగ్గరే ఆగితే బీఎంఐ 19 లోపుకు దిగుతుంది. పదకొండేళ్లకు అధిక బరువు గీత 19.2 దగ్గర ఉంటుంది. అంటే ఒక్క కిలో కూడా తగ్గనక్కర్లేకుండానే వాడు మామూలు కొలతలోకి వస్తాడు. అయితే బరువు ఆగితేనే ఇదంతా. ఇప్పుడున్న తీరులో అది ఆగదు, ఎత్తుతో పాటే పెరుగుతుంది. అత్తయ్యగారు వదిలేసిన సగం అదే.

మీవారి ఉద్దేశం మంచిదే, మార్గం మాత్రం మంచిది కాదు. ఎదిగే వయసులో పూట తిండి కోస్తే పిల్లాడు ఆకలితో పడుకుంటాడు. మర్నాడు ఆ బాకీని బిస్కెట్ డబ్బా దగ్గర తీర్చుకుంటాడు. పూర్తి నిషేధమూ పనిచేయదు. కళ్లెదుట పెట్టి తినొద్దన్న పదార్థం మీదే పిల్లల ధ్యాస పెరుగుతుందని, ఆంక్ష తీసేయగానే మామూలు కంటే ఎక్కువ తింటారని ప్రయోగాల్లో తేలింది. ఆ డబ్బా అటక మీద దాచి కాపలా కాసే కంటే, అసలు కొనడం తగ్గించడం సులువు. ఇంట్లో లేని చిప్స్ గురించి రోజూ గొడవ పడక్కర్లేదు. ఎప్పుడైనా పుట్టినరోజుకో, బయటికి వెళ్లినప్పుడో తింటే తిననివ్వండి. దాని మీద ఉపన్యాసం వద్దు.

నేను తల్లిదండ్రులకు ఎక్కువగా చెప్పే పద్ధతి ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలిది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల ఇష్టం. వినడానికి చిన్న మాటే గానీ, చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఏం వండాలో పిల్లలు చెబుతారు, ఎంత తినాలో పెద్దలు చెబుతారు! మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. వేళకు భోజనం పెట్టండి. పళ్లెంలో పిల్లలకు నచ్చేది ఒక్కటైనా ఉండేలా చూడండి. వాళ్లు చాలన్నాక ఇంకో ముద్ద అని బతిమాలకండి. పాప రెండు ముద్దలకే లేచిపోతే లేవనివ్వండి. తర్వాతి వేళ దాకా మధ్యలో ఏమీ పెట్టకుండా ఉండగలిగితే, మూడో నాలుగో రోజుకు ఆకలి తన పని తాను చేస్తుంది. ఫోన్ చూస్తూ తిన్నప్పుడు కడుపు నిండిందో లేదో పిల్లలకు తెలియదు. పాప తక్కువ తినడానికీ, బాబు టీవీ ముందు ఎక్కువ తినడానికీ మూలం అదే. భోజనం వేళ అన్ని ఫోన్లూ పక్కన పెట్టాలి, మీవారిది కూడా.

కూరగాయల సంగతి కొంచెం ఓపికతో చేయాల్సిన పని. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కూడా రుచి చూడాల్సి వస్తుంది. రెండు మూడు సార్లు చూసి 'మావాడికి ఇది పడదు' అని మనమే తీర్మానించేస్తాం. ఒక చెంచాడు వేయండి, అంతకంటే వద్దు. తినకపోతే ఏమీ అనకండి, నాలుగు రోజులాగి మళ్లీ వేయండి. వాడి ముందే మీరు ఇష్టంగా తినండి. 'కూర తింటే చాక్లెట్ ఇస్తా' అనే బేరం మాత్రం పెట్టకండి. 1984లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఓ కొత్త పానీయం తాగితే బహుమానం ఇస్తామని చిన్నపిల్లలకు ఆశ చూపారు. కొన్నాళ్లకు చూస్తే, ఆ పానీయం మీద వాళ్ల ఇష్టం మునుపటి కంటే తగ్గిపోయింది. బేరం లేకుండా ఊరికే ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. లంచం ఇచ్చి తినిపిస్తున్నారంటే అది బాగుండదనే కదా అని పిల్లలు లెక్క వేసుకుంటారు. తెలివైనవాళ్లు! రుచి చూసినందుకు ఒక స్టిక్కర్ ఇస్తే ఫరవాలేదు, తీపి వద్దు.

లంచ్ బాక్సు ఎందుకు అలాగే వస్తోందో వాడినే ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. రుచి కంటే టైము చాలకపోవడం, మూత రాకపోవడం, పక్కవాళ్లు ఏదో అన్నారని సిగ్గుపడటం లాంటి కారణాలు చాలాసార్లు బయటపడతాయి.

అసలు గండం స్కూలు వదిలాక వచ్చే ఆ గంట. మధ్యాహ్నం సరిగా తినకుండా వచ్చిన పిల్లాడు నకనకలాడుతుంటాడు. అప్పుడు చేతికేది దొరికితే అదే నోట్లోకి వెళ్తుంది. అది చిరుతిండి వేళ కాదు, చిన్న భోజనం వేళ అనుకోండి. వాడు తలుపు తీసేసరికి కోసిన పండు, ఉడికించిన గుడ్డో గింజలో, పాలో పెరుగో సిద్ధంగా ఉండాలి. వంటింట్లో మీరు చేయగల మార్పుల్లో అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదేనని నా అభిప్రాయం. కూల్ డ్రింక్ మాత్రం రోజువారీ లెక్కలోంచి తీసేయండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, ఎనిమిది తొమ్మిది టీస్పూన్లు. పిల్లలకు రోజు మొత్తం మీద పైన కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. ఒక్క డబ్బాతోనే ఆ గీత దాటిపోయింది. పైగా తాగిన చక్కెర తిన్నదానిలా కడుపు నింపదు. ప్యాకెట్ జ్యూస్ కూడా దీనికి చెల్లెలే. పండును పండుగానే ఇవ్వండి, దాహానికి నీళ్లు ఇవ్వండి.

ఇప్పుడు ఆటలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలిక ఉండాలని, అందులో వారానికి మూడు రోజులైనా పరుగు, గెంతడం, ఎక్కడం లాంటివి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంట ఒకేసారి దొరకనక్కర్లేదు. స్కూలుకు నడక పావుగంట, సాయంత్రం సైకిల్ అరగంట, ఇంట్లో పాటలకు గెంతులు పావుగంట, అన్నీ కలిపితే గంటే. ఆటలకు వెళ్లడంటే ఆట ఇష్టం లేదని కాదు. బరువున్న పిల్లల్ని జట్టులో చివరికి తీసుకుంటారు, పరుగులో వెనకబడితే నవ్వుతారు. ఆ అవమానం ఎందుకని మానేస్తారు. అలాంటివాడికి పోటీ లేని పని దొరకాలి. ఈత, సైకిల్, కుక్కతో నడక, చెల్లితో తాడాట, ఏదైనా సరే. మీరో, మీవారో వాడితో వెళ్తే మరీ మంచిది.

వీలైతే స్కూలుతో కూడా మాట్లాడండి. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల టీచర్ తీసేసుకోవడం మనందరికీ తెలిసిన కథే. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్ 2012లో 'డైలీ మైల్' మొదలుపెట్టారు. రోజూ 15 నిమిషాలు పిల్లలంతా బయట తమకు తోచిన వేగంతో పరుగో నడకో సాగించడం, అంతే. గెలుపోటములు లేవు, ప్రత్యేకమైన బట్టలు కూడా అక్కర్లేదు. తర్వాత చాలా దేశాల బడులు దాన్ని అందుకున్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో మీలాంటి నలుగురు తల్లులు కలిసి అడిగితే ఏ ప్రిన్సిపాల్ అయినా ఆలోచిస్తారు. ఇంకో లాభం కూడా ఉంది. పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తగ్గుతుంది.

నిద్ర గురించి మీరు రాయలేదు గానీ, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలి. నిద్ర చాలకపోతే మర్నాడు తీపి మీదకు మనసు పోతుంది, ఆడాలనిపించదు. పడుకునే గదిలో టీవీ, ఫోన్ ఉండకూడదు.

ఇంట్లో ఎవరూ, సరదాకైనా సరే, వాణ్ణి 'లావోడా' అని పిలవొద్దు. చుట్టాల ముందు బరువు ప్రస్తావన తేవొద్దు. చెల్లితో పోల్చొద్దు. బరువు గురించి వెక్కిరింపులు విన్న పిల్లల్లో చాటుగా తినడం పెరుగుతుంది, తర్వాత బరువూ పెరుగుతుంది. పిల్లాడితో మాట్లాడాల్సి వస్తే బలం, ఆట, పరుగు గురించి మాట్లాడండి.

ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి బీపీ కొలిపించండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారినా, రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతున్నా, మోకాళ్లు, తుంటి నొప్పి అంటున్నా ఆ సంగతి తప్పకుండా చెప్పండి. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోతే హార్మోన్ల పరీక్షలు అవసరం కావచ్చు. పాప విషయంలో బరువు తగ్గినా, తరచూ కడుపు నొప్పి, విరేచనాలున్నా చూపించాలి. ఇద్దరిలో ఎవరికైనా అతిగా దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా చిక్కిపోవడం కనిపిస్తే ఆగకుండా ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి. ఇవేవీ లేకపోతే తొందర లేదు. రోజూ తూకం వేయకండి. మూడు నెలలకోసారి ఇద్దరి ఎత్తు, బరువు ఒక పుస్తకంలో రాసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లండి.