ఓనరు ఫోను మోగకముందే

ప్రశ్న: మేడమ్, నేను ఫిషరీస్ డిప్లొమా చేసి విడవలూరు దగ్గర వనామి రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా ఉన్నాను. ఓనరు గారు ఉండేది నెల్లూరులో, కళ్ళు మాత్రం సీసీ కెమెరాలోనే. రాత్రి పన్నెండుకో ఫోను, మళ్ళీ నాలుక్కో ఫోను. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తితే ఫొటో పెట్టాలి. నేను మేత తగ్గించమంటే ఆయన నేరుగా కుర్రాళ్ళకు ఫోన్ చేసి పెంచమంటాడు. ఇప్పుడు వాళ్ళు నా మాట లెక్కచేయడం లేదు. పంటకు రెండు నెలలు దాటింది. ఇన్సెంటివ్ పట్టుబడి అయ్యాకే, అంటే రొయ్యలు పట్టాకే ఇస్తారు. అయినా మానేసి పోదామనుంది.

జవాబు: నాయనా, నీ ఉత్తరంలో ఉన్నవి రెండు తగాదాలు. నిద్ర చెడగొట్టే ఫోన్లు ఒకటి, నిన్ను దాటి కుర్రాళ్ళకు చెప్పడం ఇంకొకటి. రెంటికీ మందు ఒకటే అనుకోవద్దు.

నేను బ్యాంకులో ఉండగా రొయ్యల లోన్లు చూశాను. అప్పు తెచ్చి గుంట పెట్టినవాడికి తెల్లారుజామున నిద్ర పట్టదు. పగలు నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు రొయ్యలతో పోటీపడి పీల్చుకుంటుంది. తెల్లవారేముందు గుంటలో మిగిలేది తక్కువ. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు ఎత్తుకోక, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కాబట్టి నాలుగింటి ఫోను నీ మీద అనుమానం కాదు. పన్నెండింటిది మాత్రం ఉత్త నసే, దాన్ని నేనేం వెనకేసుకురాను.

రాత్రి కాపలా ఉండే మనిషికి నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు చూడటం నేర్పించు. మూడున్నరకు అతనే గ్రూపులో పెట్టాలి: ‘రెండో గుంట 4.8, ఏరియేటర్లన్నీ ఆన్, జనరేటర్‌లో డీజిల్ ఉంది.’ ఓనరుకు ముందే చెప్పు: ‘సార్, ఆక్సిజన్ 4 పీపీఎంకు దిగుతుంటే నేనే ఫోన్ చేస్తాను. చేయలేదంటే బాగున్నట్టే.’ రీడింగు మాత్రం నిజంది పెట్టాలి. ఒక్క దొంగ అంకె దొరికిందా, కెమెరాలు ఇంకో నాలుగు పెట్టిస్తాడు.

మేత సంగతి ఫోన్లో తేలదు. ఆయన గుంట మీదికొచ్చిన రోజు, మేత వేసిన రెండు గంటలకు ట్రే ఎత్తి చూపించు. మిగిలిన గుళికలు ఆయన చేత్తోనే తీయించు. అవి అడుగున కుళ్ళితే అమ్మోనియా పెరుగుతుంది, ఆ బస్తా డబ్బులూ ఆయనవే. తర్వాత కుర్రాళ్ళు లేనిచోట అడుగు: ‘మేత మార్చాలంటే నాకు చెప్పండి సార్, వాళ్ళకు నేను చెబుతాను. ఇద్దరం రెండు లెక్కలు చెబితే వాళ్ళు ఏదీ సరిగ్గా వెయ్యరు.’ ఈ మాట అమావాస్య, పౌర్ణమి దగ్గర ఎత్తబోకు. అప్పుడే ఎక్కువగా రొయ్యలు గుల్ల, అంటే ఒంటి మీది పాత పెంకు విడుస్తాయి. ఆ రోజుల్లో రొయ్య మేత తగ్గిస్తుంది, ఆయనకు గుండెదడ పెరుగుతుంది.

ఆ పూట సరేనని మర్నాడే మళ్ళీ కుర్రాళ్ళకు ఫోన్ చేస్తాడు, చూస్తూ ఉండు. అప్పుడు గొడవపడకుండా రిజిస్టరులో రాయి: ‘ఓనరు గారు చెప్పగా పెంచింది’ అని, తేదీతో సహా.

మానేయడం అంటావా, పంట మధ్యలో వద్దు. ఇన్సెంటివ్ పోతుంది, చెడ్డపేరు ఒకటి మిగులుతుంది. పట్టుబడి కానీ. మళ్ళీ గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేముందు మేత మాట ఎవరిదో ఆయన నోటితో చెప్పించుకో. అప్పుడూ నీళ్ళు నమిలితే అల్లూరు వైపు, ఇందుకూరుపేట వైపు గుంటలు లేకపోలేదు. అడగడం ఇప్పట్నుంచే మొదలుపెట్టు.