స్కూల్లో చదివిన సివిక్స్ వల్ల పిల్లలు పెద్దయ్యాక రాజకీయాలు పట్టించుకుంటారా?

మీరు సోషల్ టీచర్‌నని చెప్పి ఈ ప్రశ్న అడిగారు కాబట్టి, నాకు పాఠం చెప్పిన సోషల్ సార్ గురించే రాస్తాను.

మాది పల్నాడులో చిన్న ఊరు. ఎనిమిదో తరగతి దాకా మాకు సివిక్స్ అంటే గైడు చూసి బట్టీ కొట్టడమే. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు, రాజ్యసభకు 30, రాష్ట్రపతికి 35. అన్నీ నోటికొచ్చు. మా వార్డు మెంబరు ఎవరంటే మాత్రం సగం మందికి తెలియదు.

తొమ్మిదిలో కొత్త సార్ వచ్చారు. అప్పటిదాకా ఫస్ట్ ర్యాంకు వచ్చినవాడే క్లాస్ లీడర్. ఆయన ఎన్నిక పెడదామన్నారు. చీటీలు, అట్టపెట్టె, వేలికి ఇంకు చుక్క, అన్నీ పెట్టారు. ముగ్గురు అబ్బాయిలు, ఒకమ్మాయి నిలబడ్డారు. లెక్కపెడితే ఓట్లు బజార్ల వారీగా పడ్డాయి. పై బజారు వాళ్లు పై బజారు అబ్బాయికి, మా కాలనీ వాళ్లం మా కాలనీ అబ్బాయికి వేశాం. అందరికంటే బాగా మాట్లాడిన ఆ అమ్మాయికి మూడే ఓట్లు.

సార్ ఫలితం చెప్పి వదిలేయలేదు. ఎందుకు వేశారో పేరు లేకుండా కాగితం మీద రాయమన్నారు. మర్నాడు ఒక్కొక్కటీ చదివి వినిపించారు. ‘మా నాన్న వేయమన్నాడు’ అని ఒకరు రాశారు. క్లాస్ లీడర్ ఎన్నిక ఇంటిదాకా వెళ్లిందన్నమాట! నేను రాసింది చదివినప్పుడు తల ఎత్తలేకపోయాను. ‘మా వాడు కాబట్టి’ అని రాశాను మరి. ఓటు గురించి నేను సొంతంగా ఆలోచించడం ఆ రోజే మొదలైంది.

ఆ ఏడాదే ఇంకో పని చేయించారు. మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూములకు నీళ్లు లేవు. అర్జీ ఎలా రాయాలో నేర్పారు. ఎవరికి, ఏ విషయం, ఎప్పటి నుంచి, ఏం కావాలి, అంతే. గ్రామసభలో సభ్యులంటే ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే, కాబట్టి మీ అమ్మల్ని తీసుకురండి అన్నారు. మా అమ్మ గ్రామసభకు రావడం అదే మొదటిసారి. లేచి రెండు మాటలే మాట్లాడింది, కానీ ఆ రాత్రి ఇంట్లో అందరికీ పదిసార్లు చెప్పుకుంది. నీళ్లు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోవాలని ఆ తిరుగుడులోనే తెలిసింది.

పిల్లలకు రాజకీయాలు నూరిపోస్తున్నారని కొందరు పెద్దలు గొడవ చేశారు. మరుసటి ఏడాది అవన్నీ ఆగిపోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

డిగ్రీలో ఉండగా ఉపాధి హామీ పనుల లెక్కలు కావాలని సమాచార హక్కు చట్టం కింద మండలంలో దరఖాస్తు పెట్టాను. ఫీజు ఐదు రూపాయలే. 30 రోజుల్లో రావాల్సిన జవాబు ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది. ఆఫీసు గడప తొక్కడానికి భయం వేయలేదంటే కారణం ఆ తొమ్మిదో తరగతే.

అందరూ నాలాగే అయ్యారని చెప్పను. నా బెంచీలో కూర్చున్న స్నేహితుడు హైదరాబాద్‌లో కూలిపని చేస్తాడు. వచ్చిపోయే ఖర్చు, రెండ్రోజుల కూలి పోతుందని ఓటుకి ఊరికి రాడు. ఆ తప్పు సివిక్స్ మీద వేయలేం. కానీ పోయిన వానాకాలం వాళ్ల వీధిలో డ్రైనేజీ పొంగితే తనే అర్జీ రాసి, ఇరుగుపొరుగుతో సంతకాలు పెట్టించి, రసీదు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపాడు.

మీరు కూడా క్లాస్ లీడర్ ఎన్నికతోనే మొదలుపెట్టండి. తల్లిదండ్రులకు ముందే కబురు చేసి, ఓట్ల లెక్కింపుకు రమ్మనండి. మా సార్‌కు ఆ అవకాశం దొరకలేదు.