పక్క పొలంలోంచి బండిదారి

ప్రశ్న: మాది సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా. మా పత్తి చేనుకు వెళ్లే బండిదారి పక్క రైతు పొలంలోంచి పోతుంది. తాతగారి కాలం నుంచీ వాడుతున్నాం. ఆ పొలం కొన్నాయన మొన్న కంచె వేసి, ‘నా కాగితాల్లో దారి లేదు’ అంటున్నాడు. ఏం చేయాలండీ?

జవాబు: కాగితంలో లేనంత మాత్రాన హక్కు పోదు, టెన్షన్ పడకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవారి భూమిని దారి లాంటి వాటికి వాడుకునే హక్కుల చట్టం) 15వ సెక్షన్ ప్రకారం, ఒక దారిని 20 ఏళ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆగకుండా, హక్కుగా వాడుకుంటే అది మీ పొలానికి చెందిన హక్కవుతుంది, అవతలి పొలం చేతులు మారినా అంటిపెట్టుకునే ఉంటుంది. ‘హక్కుగా’ అన్న మాటే కీలకం. మీ తాతగారు ఏటా అడిగి, వాళ్లు సరేనంటే వెళ్లి ఉంటే అది అనుమతి మాత్రమే, ఎన్నేళ్లయినా హక్కు కాదు. ఈ ఒక్క విషయం దగ్గరే చాలామంది రైతులు కేసు పోగొట్టుకుంటారు, చూస్తే బాధేస్తుంది, అందుకే పాత యజమానిని, ఊరి పెద్దల్ని ఇప్పుడే కలిసి సాక్ష్యం చెప్తారేమో కనుక్కోండి. ఇంకోటి, బండి వెడల్పుకే హక్కు, దారిని పెంచలేరు.

వేరే దారే లేకపోతే, రెండు పొలాలూ ఒకప్పుడు ఒకే యజమానివైతే, 13వ సెక్షన్ కింద అవసరపు దారి కూడా అడగొచ్చు, దానికి 20 ఏళ్లు అక్కర్లేదు. గట్ల మీదుగా దారి కావాలంటే మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడ్ 143 కింద తహసీల్దారుకు అర్జీ పెట్టండి. కంచె సంగతి తెలిసీ ఏడాది ఊరుకుంటే అది మీకే ఎదురు తిరుగుతుంది, కాబట్టి ఈ వారమే కదలండి.