పెట్టెలు కొనే ముందు సొరంగం కొలిచి చూడు

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. నీ బేస్‌మెంట్‌లోని బొమ్మ రైలు లేఅవుట్‌లో, పెన్సిల్వేనియాలోని ఆల్టూనా కొండదారిని 1955 కాలం నుంచి 1997 కాలానికి మారుస్తున్నావని, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఆవిరి ఇంజన్లు తీసేసి తర్వాతి కాలపు కాన్‌రైల్ కంపెనీ నీలం బండ్లు దింపుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసిందిరా. ఉన్నదంతా పీకేసి కొత్త బల్ల కట్టుకునేవాళ్లే ఎక్కువ. ఉన్న కొండకే నలభై ఏళ్ల వయసు పెంచుదామనే ఓపిక కొద్దిమందికే ఉంటుంది. ఆ మాట వింటూ మురిసిపోతుండగానే "శనివారం కొండ కొట్టేస్తాడట, రెండంతస్తుల కంటెయినర్లు మోసే డబుల్ స్టాక్ పెట్టెలు ఆర్డర్ కూడా ఇచ్చేశాడట" అంది. గుండె గుభేలుమంది. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు సుత్తి ముట్టుకోకు.

ముందు నీ ఊపిరితిత్తుల సంగతి. ఎడమ గోడవారన ఉన్న కొండ నువ్వు కట్టింది కాదు, ఇంటితోపాటు వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన దాన్ని 1960ల్లో కట్టాడు. ఆ రోజుల్లో కొండలు పోసేవాళ్లు ప్లాస్టర్‌లో ఆస్‌బెస్టాస్ కలపడం ఉండేది. అది ఉందో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. కొట్టినప్పుడు లేచే సన్నటి నార ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్లీ బయటికి రాదు, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది దాని పని. అందుకని మాస్క్ వేసుకుని, ఒక మూల నీళ్లు చల్లి బాగా తడిపి, గోరంత ముక్క తీసి, రెండు జిప్ కవర్లలో పెట్టి ల్యాబ్‌కి పంపు. ఫలితం వచ్చేదాకా ఆ వైపు రంపం, సాండర్ ఏదీ వద్దు. షాప్ వాక్యూమ్ అసలే వద్దు, ఆ నార దాని ఫిల్టర్‌లో ఆగదు, వెనకనుంచి గదంతా చల్లేస్తుంది. ఉందని తేలితే ఆ కొండని కదపకు. పైన రెండు పూతలు రంగు వేసి, పొదలు అతికించి అలాగే వదిలెయ్. చంటిది ఇప్పుడు మెట్లు దిగడం నేర్చిందట కదా, ఆ తలుపుకి గొళ్లెం ఈరోజే బిగించు.

కాలం గురించి. "తొంభైల్లో" అంటే కుదరదు. 1997 అక్టోబర్ అని కాగితం మీద రాసి గోడకి అంటించు. నువ్వు ఎంచుకున్న ఏడు మంచిదే, కారణం కూడా తెలుసుకో. గాలిట్జిన్ కొండలో పక్కపక్కన ఉన్న రెండు సొరంగాల్లో అలెగెనీ సొరంగాన్ని 1995కి పెద్దది చేసి, రెండు లైన్లు వేసి, డబుల్ స్టాక్ పట్టేలా చేశారు. పక్కనున్న గాలిట్జిన్ సొరంగాన్ని వాడకం నుంచి తప్పించారు. 1999 జూన్ 1 నుంచి కాన్‌రైల్ లైన్లను నార్ఫోక్ సదరన్, సీఎస్ఎక్స్ అనే రైల్వే కంపెనీలు పంచుకుని నడపడం మొదలుపెట్టాయి. అంటే నీలం ఇంజన్ వెనక రెండంతస్తుల కంటెయినర్లు ఆ కొండలోంచి వెళ్లిన కాలం నిజంగా నాలుగేళ్లే. నీ ఏడు సరిగ్గా అందులో పడింది. పైగా నీ లేఅవుట్‌లో ఉన్న రెండు ద్వారాల్లో ఒకటి మూతపడాలి. దాని ముందు పట్టా తీసేసి, కంకర మీద గడ్డి పెంచు. ద్వారం రాయి మీద ఆవిరి ఇంజన్ల మసి అలాగే ఉండనీ, కాకపోతే నలుపు కాస్త బూడిదరంగులోకి తిరగాలి.

ఇక అసలు విషయం. కుడివైపు సొరంగం నువ్వు కట్టిందే. ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా? ద్వారం దగ్గర స్కేలు పెట్టి కొలిచావు, నిజంలో 40 అడుగులుండే బాక్స్‌కార్ (మూత ఉన్న సరుకు పెట్టె) మోడల్ ఒకటి తోసి చూశావు, నున్నగా వెళ్లింది, పైన ప్లాస్టర్ పోసి మూసేశావు. తర్వాత ప్యాసింజర్ పెట్టెలు లోపల పట్టాలు తప్పడం మొదలెట్టాయి. అప్పుడు నువ్వు ట్రక్కులు (పెట్టె కింద చక్రాలు బిగించే చట్రాలు) మార్చావు, చక్రాలు మార్చావు, పెట్టెల్ని కలిపే కప్లర్లు మార్చావు, బరువు పెంచావు, బంగారంలాంటి పెట్టెల అడుగు అరగదీశావు. తప్పంతా కొండలో ఉంటే శిక్ష పెట్టెలకి వేశావు. లోపల వంపు దగ్గర ప్లాస్టర్ ఒకటి బొట్టులా కారి గట్టిపడి ఉంది, పెట్టె నడుము దానికి గీసుకుంటోంది. గీత కిటికీల కింద సన్నగా, ప్రతి పెట్టె మీదా ఒకే ఎత్తులో ఉంది. ఆ గీత చూసి కూడా నీకు అనుమానం రాలేదే అని అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు భయమేస్తోంది. ఎందుకంటే ఈసారి వచ్చేవి ఇంకా పొడుగు, ఇంకా ఎత్తు.

లెక్క చూడు. హెచ్ఓ స్కేల్లో, అంటే నిజంలో 87వ వంతు సైజులో, 40 అడుగుల బాక్స్‌కార్ పొడవు 140 మిల్లీమీటర్లు, పట్టా పైనుంచి ఎత్తు దాదాపు 52. ఎత్తు ఎక్కువుండే హై క్యూబ్ కంటెయినర్లు రెండు పెట్టెలో ఒకదానిమీద ఒకటి పెడితే, పట్టా పైనుంచి నిజంలో 20 అడుగుల 2 అంగుళాలు, నీ బల్ల మీద దాదాపు 71. కార్లు మోసే ఆటోర్యాక్ పొడవు 89 అడుగులు, అంటే 311 మిల్లీమీటర్లు. దాని ట్రక్కుల మధ్య దూరం 66 అడుగులు, అంటే 231. వంపులో ఈ పొడుగు పెట్టె నడుము లోపలివైపుకి, రెండు కొసలు బయటివైపుకి పొడుచుకొస్తాయి. నడుము ఎంత వస్తుందో తెలుసుకోవడానికి ట్రక్కుల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించు. నీ సొరంగంలో వంపు రేడియస్ 24 అంగుళాలు, అంటే 610 మిల్లీమీటర్లు. ఆటోర్యాక్ నడుము దాదాపు 11 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. బాక్స్‌కార్‌కి అదే లెక్క వేస్తే రెండున్నర కూడా రాదు. అది నున్నగా వెళ్లింది కాబట్టి అన్నీ వెళ్తాయనుకోవడం అక్కడే తప్పు.

ఇంకోటి. కొసలు బయటికి 9 మిల్లీమీటర్లు వస్తాయి. పక్కపక్క లైన్ల మధ్య నువ్వు 2 అంగుళాలు, అంటే 51 మిల్లీమీటర్లే వదిలావు. బయటి లైన్లో పెట్టె నడుము లోపలికి, లోపలి లైన్లో పెట్టె కొస బయటికి వస్తే, పెట్టె వెడల్పు 35 కలుపుకుని 55 కావాలి. రెండు పొడుగు బండ్లు వంపులో ఎదురైతే ఒకదాన్నొకటి రాసుకోవడం కాదు, గుద్దుకుంటాయి. వంపుల్లో లైన్ల మధ్య 60 ఉండాలి. సొరంగం వంపు కూడా 30 అంగుళాలకి సడలించు. 89 అడుగుల పెట్టె నమ్మకంగా తిరగాలంటే రేడియస్ పెట్టె పొడవుకి రెండున్నర రెట్లు ఉండాలి, కంటికి ఇంపుగా కనపడాలంటే ఇంకా ఎక్కువ. 30 అంగుళాలంటే రెండున్నరకి కాస్త తక్కువే, నీ గదిలో అంతకుమించి పట్టదు. 24 అంటే రెండు రెట్లు కూడా కాదు.

కొలవడం ఇలా. 89 అడుగుల ఫ్లాట్‌కార్ (గోడలు, పైకప్పు లేని చదును పెట్టె) ఒకటి తీసుకో. గట్టి అట్టతో 82 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేలా మూడు పలకలు కత్తిరించి, ముందు కొసన, నడుమ, వెనక కొసన నిలబెట్టు. 82 అనేది పట్టా పైనుంచి, కారు నేల నుంచి కాదు. పలకల వెడల్పు 41 ఉంచు, పెట్టె వెడల్పు 35కి అటూ ఇటూ మూడేసి. అంచులకి మెత్తటి పెన్సిల్ ముక్కలు అంటించు. ఇంజన్ పెట్టకుండా చేత్తో తోస్తూ లేఅవుట్ అంతా ఒక చుట్టు తిప్పు. పెన్సిల్ గీత ఎక్కడ పడితే అక్కడ గోడ కొట్టాలి. ద్వారాలు, వంతెన ఇనుప దూలాలు, సిగ్నల్ బ్రిడ్జి, స్టేషన్ చూరు అన్నీ ఇందులోనే తేలిపోతాయి.

ఎత్తు చాలకపోతే పట్టా దించుదామని నీకు ముందు అనిపిస్తుంది. కిందున్న కార్క్ తీసేస్తే 5 మిల్లీమీటర్లు వస్తుంది, బల్ల కోస్తే ఇంకో 5. కానీ 10 దించితే 2 శాతం వాలుకి రెండు వైపులా అర మీటరేసి పట్టా మళ్లీ వెయ్యాలి, వాలు మారే చోట పొడుగు పెట్టెల కప్లర్లు ఊడిపోతాయి. సొరంగం పైకప్పే పైకి లేపు. నువ్వు కట్టిన వైపు ప్లాస్టర్ మామూలుదే, తడిపి కత్తితో కొయ్యి. ఈసారి లోపల చెయ్యి పట్టేలా వెనకవైపు ఒక తలుపు వదులు, చిన్నా. మూసేసిన సొరంగంలో పడ్డ పెట్టెను కర్రతో తోసుకోవడం ఎంత కష్టమో నీకు నేను చెప్పక్కర్లేదు.

పట్టాలకి వస్తే, ఆల్టూనా దగ్గరి హార్స్‌షూ కర్వ్ (గుర్రపు నాడా ఆకారపు వంపు) దగ్గర నాలుగు లైన్లలో ఒకదాన్ని కాన్‌రైల్ 1981లో తీసేసింది. నువ్వూ ఒకటి తియ్యి. కంకర తెల్ల జిగురుతో అతికి ఉంది కాబట్టి గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపి పోసి, పావుగంట ఆగి, పుట్టీ కత్తి స్లీపర్ల కిందికి నెమ్మదిగా జరుపు. లైను మార్చే పాయింట్ల మోటార్ల మీదికి నీళ్లు పోనివ్వకు. కొందరు నీళ్లకి బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు, త్వరగా నానుతుంది కానీ అది భగ్గున అంటుకుంటుంది. పోసినరోజు ఆ గదిలో సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ కూడా పెట్టకు. పట్టా లేచాక ఆ కంకరని శుభ్రం చెయ్యకు. లైను తీసిన చోటు నేల నల్లగా, స్లీపర్ల అచ్చులతో, అక్కడక్కడ పిచ్చిమొక్కలతో ఉంటుంది.

పెట్టెల మీద కట్టిన సంవత్సరం అంకెలు భూతద్దం పెట్టి చూడు. 1974కి ముందు కట్టిన సరుకు పెట్టెకి ఇతర రైల్వేల మీద తిరగడానికి 40 ఏళ్లే ఆయుష్షు. అంటే నీ 1948, 1952 బాక్స్‌కార్లు మెయిన్ లైన్ మీద కనపడకూడదు. పైకప్పు మీద నడిచే పలక కొత్త పెట్టెలకి 1966 నుంచే ఆగిపోయింది. రెండు మూడు పాతవాటికి ఆ పలక తీసి, రంగు మార్చి, ట్రాక్ మరమ్మతు సిబ్బంది పెట్టెలుగా సైడింగ్‌లో నిలబెట్టు. మిగతావి అమ్మెయ్, బాధపడకు. పక్కల పసుపు రిఫ్లెక్టర్ పట్టీలున్న కొత్త మోడల్ కొన్నావో మోసపోయినట్టే, అవి 2005 నుంచి వచ్చిన నిబంధన. పెట్టెల మీది రైల్వే కంపెనీల పేర్ల విషయంలో మాత్రం బెంగ వద్దు. శాంటా ఫే 1995లో, సదరన్ పసిఫిక్ 1996లో వేరే కంపెనీల్లో కలిసిపోయినా వాటి రంగు పెట్టెలు ఏళ్ల తరబడి తిరిగాయి. ముందున్న ఇంజన్లకి డిచ్ లైట్లు (ముందు కిందిభాగంలో ఉండే జంట దీపాలు) పెట్టు, 1997 చివరికి అవి తప్పనిసరి అయ్యాయి. ప్యాసింజర్‌కి ఆమ్‌ట్రాక్ కంపెనీ బండ్లు పెన్సిల్వేనియన్, త్రీ రివర్స్ పెట్టుకో, బ్రాడ్‌వే లిమిటెడ్ బండి 1995లో ఆగిపోయింది.

గార్డు పెట్టెలు తీసెయ్యడం నీకు కష్టమని తెలుసు. చిన్నప్పుడు కాజీపేటలో గూడ్స్ బండి పోతుంటే చివరి పెట్టె వచ్చేదాకా కదిలేవాడివి కాదు, గార్డుకి చెయ్యూపకుండా ఇంటికి రానని మొండికేసేవాడివి. 1997లో మెయిన్ లైన్ బండి చివర మెరిసే ఎర్ర లైటు డబ్బా ఒకటే ఉంటుందిరా. కానీ సైడింగుల్లోకి వెనక్కి తోసుకుంటూ పోయే లోకల్ బండ్లకి అక్కడక్కడ గార్డు పెట్టె మిగిలింది. నీకిష్టమైనది ఒకటి దానికి ఉంచుకో.

కట్టడాల్లో నీళ్ల ట్యాంకు తీసేసి పునాది రాళ్లు వదులు. కాంక్రీటు బొగ్గు టవర్ ఉంచు, పడగొట్టే ఖర్చుకి భయపడి చాలాచోట్ల వాటిని అలాగే వదిలేశారు. పసుపు దీపాల వరుసల పొజిషన్ లైట్ సిగ్నళ్లు, బండ్లని నియంత్రించే ఆల్టో టవర్ రెండూ అప్పటికి పనిచేస్తున్నాయి, ముట్టుకోకు. హార్స్‌షూ కర్వ్ పార్కులో నువ్వు నిలబెట్టిన కే4 1361 ఆవిరి ఇంజన్‌ని 1985లోనే తీసుకెళ్లారు. ఆ చోట జీపీ9 7048 డీజిల్ ఇంజన్ ఉండాలి, జనాన్ని తాడుతో పైకి లాగే చిన్న ఫ్యూనిక్యులర్ రైలు 1992లో వచ్చింది, అదీ కట్టు. ఆవిరి పోయాక లైను పక్కన చెట్లు దట్టంగా పెరిగాయి కాబట్టి పొదలు నువ్వనుకున్నదానికి రెట్టింపు కొను. రోడ్డు మీద కార్లలో 1997 తర్వాతిది ఒక్కటి నిలబెట్టినా గోడమీది కాగితం అబద్ధమవుతుంది.

వైర్లు మారిస్తే, లేఅవుట్ అంతటా మీటరుకోచోట రెండు పట్టాలకీ అడ్డంగా పావలా నాణెం (అమెరికా క్వార్టర్) పెట్టి చూడు. ప్రతిచోటా పట్టాలకి కరెంటిచ్చే బూస్టర్ టక్కున ఆగిపోవాలి. ఆగని చోట వైరు సన్నం, అది వేడెక్కి కాలుతుంది.

శనివారం ముక్క తీసి ల్యాబ్‌కి పంపడం, అట్ట పలకలు తోయడం, ఈ రెండే చెయ్యి. గీతలు పడ్డ చోట్ల ఫోటోలు తీసి నాకు పెట్టు. నువ్వు ఆర్డర్ ఇచ్చిన వాటిలో 89 అడుగులవి ఎన్నో కూడా రాయి. వంపు 30 అంగుళాలకి సడలదని తేలితే వాటిని వాపసు చెయ్యాలి, గడువు ఎప్పటిదాకా ఉందో బిల్లు మీద చూసి చెప్పు.

మీ మామయ్య