మీ ప్రశ్న – మా జవాబు: రాత్రి డ్యూటీకి ఒక్క ఆయా చాలదు

ప్రశ్న: రాజోలు దగ్గర వృద్ధాశ్రమం నడుపుతున్నాం. 24 మందిలో ఆరుగురు మంచం దిగలేరు. గాలి పరుపులు కొన్నా ఇద్దరికి నడుం కింద పుండ్లు పడ్డాయి. రాత్రిపూట ఒక్క ఆయానే ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఇద్దరినీ డాక్టరుకు చూపించండి. గాలి పరుపు ఒత్తిడి తగ్గిస్తుందే గానీ మనిషిని తిప్పదు. రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే. లెక్క వేయండి: రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా ఆరుగురికి ఐదేసిసార్లు, మొత్తం 30. ఒక్కోసారికి పది నిమిషాలనుకున్నా ఐదు గంటల పని. పైగా ఒంటి మనిషి ఎత్తలేక ఈడుస్తుంది, ఆ రాపిడికే చర్మం లేచిపోతుంది. అందుకే రాత్రికి ఇద్దరుండాలి, ఇందులో బేరం లేదు.

నడుం కింద అడ్డంగా మడత దుప్పటి వేసి, చెరోవైపు పట్టి ఎత్తి జరపాలి. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు పరుపుకి తగలకుండా.

కోనసీమ ఉక్కలో రెక్సిన్ షీటు నేరుగా ఒంటికి తగిలితే చెమటకి చర్మం నానిపోతుంది. పైన నూలు దుప్పటి వేయండి, తడిస్తే వెంటనే మార్చండి.

ఆయాలకు నేర్పాల్సిన మొదటి పాఠం: ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలడం. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడి, గట్టిదనం తడిమి చూడాలి. అక్కడ నూనె మర్దనా మాత్రం వద్దు (ఇళ్లలోనూ ఇదే పొరపాటు). తిప్పిన వేళలు రాసే చార్టులో తెల్లవారాక ఒకేసారి టిక్కులు పెడుతున్నారేమో కూడా గమనించండి.