రాణి అనే మాటతో జాగ్రత్త

చి. మాధవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "మొహమాటపడకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి చెబుతున్నా.

ముందు శీర్షిక. "ఐరోపా తుమ్మెద" అని పెట్టావు. మనవాళ్లకి తుమ్మెదంటే దూలాలకి కన్నాలు తొలిచే ఆ నల్లటిదే. నువ్వు రాసింది బొంబస్ టెరెస్ట్రిస్ గురించి. బొద్దుగా, ఒళ్లంతా బొచ్చు, నలుపు మీద పసుపు పట్టీలు. మన మైదానాల్లో కనబడదు. బంబుల్ బీ అనే రాసెయ్.

"రాణి వైభోగం" అంటూ రెండు పేరాలు నడిపావు. దానికి వైభోగం ఎక్కడిదమ్మా? చలికాలమంతా మట్టిలో ఒంటరిగా పడుకుని, వసంతం మొదట్లో లేచి, ఎలుకలు వదిలేసిన బొరియ వెతుక్కుంటుంది. పుప్పొడి ముద్ద చేసి గుడ్లు పెడుతుంది. తన ఒంట్లో ఊరిన మైనంతోనే బుల్లి గిన్నె కట్టి తేనె నింపుకుంటుంది. ఇక కోడిపెట్టలా పొదగడమే. రెక్కలు ఆడవు, రెక్కల కండరాలు మాత్రం వణుకుతుంటాయి. అలా పుట్టిన వేడిని పొట్ట ఆనించి పిల్లలకి అందిస్తుంది. ఆకలేస్తే లేవక్కర్లేదు, గిన్నె నాలుకకి అందేంత దగ్గర్లోనే ఉంటుంది. నీ వ్యాసంలో కిరీటం ఉంది కానీ ఈ గిన్నె లేదు!

"వేలాదిగా చేరి శీతాకాలానికి తేనె దాస్తాయి" అన్నది తేనెటీగల సంగతి. ఇవి మహా అయితే కొన్ని వందలు. చలి ముదిరేసరికి పాత రాణితో సహా గూడంతా పోతుంది, జతకట్టిన కొత్త రాణులే మిగులుతాయి. (నేనూ ఒకప్పుడు కందిరీగని తేనెటీగ అని అచ్చు వేయించుకున్నవాణ్ణే.)

కష్టజీవి అని తెగ పొగిడావు. నాలుక పొట్టిది కదా, గొట్టంలాంటి పూలలో తేనె అందకపోతే పువ్వు అడుగున కన్నం కొరికి తాగేస్తుంది, పుప్పొడిని ముట్టుకోకుండా. ఆ దొంగతనమూ రాయి.

టమాటాకి ఒక్క వాక్యమా? పువ్వుని దవడలతో పట్టుకుని జుయ్‌మని ఒళ్లు అదిరిస్తే పుప్పొడి జల్లున రాలుతుంది. 1980ల చివర్లో ఐరోపా గ్రీన్‌హౌస్‌లలో వీటిని పెట్టెల్లో పెట్టి అమ్మడం మొదలైంది అందుకే. తర్వాత చిలీకీ తీసుకెళ్లారు. అక్కణ్ణించి అర్జెంటీనాకి పాకింది. అక్కడి సొంత జాతి, పెద్ద నారింజరంగు డాల్‌బోమీ, చాలాచోట్ల కనబడకుండా పోయింది. నీ కథ ఇక్కడుంటే, నువ్వేమో చివరి పేరాలో తోసేశావు.

దాన్ని ముందుకి తెచ్చి, "కలదు"లన్నీ "ఉంది" చేసి, ఆదివారంలోగా పంపు.

మీ మాస్టారు