బూజు మొక్కజొన్న తిన్న పందులకు ఆయాసం: సమాధానం

అన్నగారూ, వానకు తడిసిన మొక్కజొన్న పెట్టిన నాలుగైదు రోజులకే పందులు నోరు తెరిచి ఆయాసపడుతున్నాయని, చర్మం నీలంగా మారి రెండు చనిపోయాయని రాశారు. ఆ మేత ఈ పూటే ఆపేయండి. గింజల మీద తెల్లగానో గులాబీ రంగులోనో బూజు ఉంటే అది ఫ్యుజేరియం అనే బూజు కావచ్చు. దాని విషం ఫ్యూమోనిసిన్ పందుల గుండె బలాన్ని తగ్గిస్తుంది. ఎడమవైపు గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం అందుకే.

ఉడకబెట్టి పెడదామనుకోకండి, వేడికి బూజు చస్తుంది గానీ విషం మిగులుతుంది. విషాన్ని పట్టుకోవడానికి మేతలో కలిపే మట్టి పొడులు, అఫ్లాటాక్సిన్ అనే మరో బూజు విషాన్ని పట్టినంతగా ఫ్యూమోనిసిన్‌ను పట్టవు. ఆ డబ్బు మంచి గింజలకు పెట్టండి. పందుల మొత్తం మేతలో ఫ్యూమోనిసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచన.

పర్లాఖెముండిలో పశువైద్యుడిని పిలిచి శవపరీక్ష చేయించండి. ఛాతీలో పసుపుపచ్చని నీరు, తడిసి బరువెక్కిన ఊపిరితిత్తులు ఉంటే అనుమానం బలపడినట్టే. జ్వరం కూడా ఉందా? అప్పుడు పందులకు వచ్చే అంటువ్యాధి స్వైన్ ఫీవర్ పరీక్ష తప్పదు. ఆ గింజలు పాడి ఆవులకూ వేయకండి. అఫ్లాటాక్సిన్ కూడా ఉంటే పాలలోకి దిగుతుంది.